అరగని కీలు కోసం – సర్ జాన్ చార్న్లీ జీవితం

తుంటి మార్పించుకున్నారు, మోకాళ్లు మార్పించుకున్నారు అనే మాటలు ఈ రోజుల్లో మన పల్లెల్లోనూ వినిపిస్తున్నాయి. అరిగిపోయిన కీలును తీసేసి, లోహంతోనూ ప్లాస్టిక్‌తోనూ చేసిన కొత్త కీలును అమర్చే ఈ ఆపరేషన్‌ను నమ్మదగినదిగా చేసిన వ్యక్తి ఇంగ్లాండు దేశపు ఎముకల వైద్యుడు సర్ జాన్ చార్న్లీ. పాశ్చర్, ఫ్లెమింగ్ పేర్లు మన విద్యార్థులకు తెలిసినంతగా ఈయన పేరు తెలియదు. వైద్యరంగంలో మాత్రం ఈయన పేరు వినని ఎముకల డాక్టర్ ఉండడు.

జాన్ చార్న్లీ 1911 ఆగస్టు 29న లాంకషైర్‌లోని బరీ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి మందుల షాపు నడిపేవారు. తల్లి నర్సుగా పనిచేశారు. లాంకషైర్ అంటే అప్పట్లో నూలు మిల్లులకు, మరమగ్గాలకు పెట్టింది పేరు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. బరీ గ్రామర్ స్కూల్లో చదువు ముగించి, 1929లో మాంచెస్టర్‌లో వైద్యవిద్యలో చేరారు. 1935లో డాక్టరయ్యారు. మరుసటి ఏడాదే, ఇరవై అయిదేళ్ల వయసులో, కష్టమైన ఎఫ్.ఆర్.సి.ఎస్. పరీక్ష పాసయ్యారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన సైన్యపు వైద్య విభాగంలో చేరారు. 1940లో డన్‌కర్క్ నుండి సైనికులను ఓడల్లో తరలించినప్పుడు ఆ పనిలో ఉన్నారు. తర్వాత ఈజిప్టులోని కైరోకు పంపించారు. అక్కడ ఆయనకు ఇష్టమైన చోటు ఆర్మీ వర్క్‌షాపు. విరిగిన కాళ్లకు కట్టే చట్రాలను, ఆపరేషన్ పనిముట్లను మెకానిక్కులతో కలిసి కూర్చుని తయారు చేయించేవారు. మన దగ్గర ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవాడు లెక్కలను, ఎంపీసీ తీసుకున్నవాడు జీవశాస్త్రాన్ని ఆ రోజే మర్చిపోతాడు. చార్న్లీ మాత్రం జీవితాంతం రెండు కాళ్లూ రెండు గ్రూపుల్లో పెట్టే నడిచారు. ఇంట్లో కూడా ఆయనకు లేత్ మిషన్ ఉండేది.

యుద్ధం అయ్యాక 1946లో ఓస్వెస్ట్రీ అనే ఊళ్లోని ఎముకల ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. ఒకచోటి ఎముక ముక్కను తీసి మరోచోట పెడితే అది ఎలా అతుక్కుంటుందో తెలుసుకోవాలని అక్కడ ఆయనకు పట్టుదల కలిగింది. ఎవరి మీద ప్రయోగం చేయాలి? తన మీదే చేయించుకున్నారు. తోటి డాక్టరును ఒప్పించి తన ముంగాలి ఎముకకు ఆపరేషన్ చేయించుకున్నారు. గాయానికి చీము పట్టి ఎముక దాకా పాకింది. దాన్ని బాగుచేయడానికి మళ్లీ కోయాల్సి వచ్చింది. ఎముకకు చీము పడితే ఎంత బాధో ఆయన పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. తర్వాతి కాలంలో ఆపరేషన్ గదిలో శుభ్రత గురించి ఆయన పట్టిన పంతానికి ఇది కూడా ఒక కారణమై ఉంటుందని నాకు అనిపిస్తుంది.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో కన్సల్టెంట్‌గా నియమితులయ్యారు. ఆపరేషన్ లేకుండా విరిగిన ఎముకలను సరిచేయడం గురించి 1950లో ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా పేరు తెచ్చింది. ఆ పుస్తకం ఒక్కటి చాలు, హాయిగా కాలం గడిపేయవచ్చు. కానీ ఆయన మనసు తుంటి మీదికి మళ్లింది.

ఇక్కడ తుంటి కీలు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. తొడ ఎముక పైభాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. నడుము ఎముకలో దానికి సరిపడా ఒక గిన్నె ఉంటుంది. బంతి గిన్నెలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. అది ఎంత నునుపంటే, మంచు మీద మంచు జారినట్టుగా ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. వయసు వల్లనో, కీళ్లవాతం వల్లనో, దెబ్బ తగిలో ఆ పొర పోతే ఎముకను ఎముక రాసుకుంటుంది. అడుగు వేయలేరు, చెప్పు తొడుక్కోలేరు, రాత్రి పక్క మీద ఒత్తిగిల్లలేరు. ఆ రోజుల్లో దీనికి ఉన్న గట్టి వైద్యం కీలును కదలకుండా అతికించేయడమే. నొప్పి పోతుంది, కానీ కాలు కర్రలా బిగుసుకుపోతుంది.

పారిస్‌లో జూడే సోదరులు అనే సర్జన్లు 1946 నుండి తొడ ఎముక తలను కోసేసి ఆక్రిలిక్ ప్లాస్టిక్ బంతిని పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో రోగులు సంతోషపడ్డారు. తర్వాత బంతులు వదులయ్యాయి. అలాంటి బంతి పెట్టించుకున్న ఒకాయన చార్న్లీ దగ్గరకు వచ్చాడు. అతను కదిలినప్పుడల్లా తుంటి కిర్రుకిర్రుమనేది. ఆ మోత భరించలేక భార్య అతని పక్కన కూర్చోలేకపోయేదట. వినేవాళ్లకు నవ్వు వస్తుంది. చార్న్లీకి మాత్రం నవ్వు రాలేదు, ఆలోచన వచ్చింది. కిర్రుమంటోందంటే ప్లాస్టిక్‌కూ అరిగిన ఎముకకూ మధ్య రాపిడి ఎక్కువగా ఉందన్నమాట. రాపిడి ఎక్కువైతే నడిచే ప్రతి అడుగుకూ బంతి మెలి తిరిగి, ఎముకలో దాని పట్టు సడలిపోతుంది. అంటే కృత్రిమ కీలు సమస్యలో సగం వైద్యం, సగం ఫిజిక్సు.

మాంచెస్టర్ ఇంజనీర్ల సాయంతో ఆయన కీళ్ల రాపిడిని కొలిచారు. మన కీళ్లలో ఉండే జిగురు ద్రవం మృదులాస్థి మీదనే బాగా పనిచేస్తుందని, లోహానికీ ప్లాస్టిక్‌కూ అది కందెనగా పనికిరాదని తేల్చుకున్నారు. అయితే తనంతట తానే జారే పదార్థం కావాలి. అప్పట్లో అలాంటిది ఒకటే కనిపించింది – టెఫ్లాన్. ఇవాళ మనం అంటుకోని దోసె పెనాల మీద చూసే పూత అదే.

రైటింగ్టన్ అనే చోట, విగన్ పట్టణం దగ్గర, ఒక క్షయ ఆసుపత్రి ఉండేది. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు వచ్చాక క్షయ రోగులు తగ్గి అక్కడ మంచాలు ఖాళీ అవుతున్నాయి. పెద్ద నగరంలోని పెద్ద ఆసుపత్రిని కాదని చార్న్లీ ఆ మారుమూల చోటును ఎంచుకున్నారు. 1961లో అక్కడ తుంటి శస్త్రచికిత్సా కేంద్రం ప్రారంభమైంది. దాని పక్కనే ఒక చిన్న వర్క్‌షాపు, అందులో హ్యారీ క్రావెన్ అనే యువ ఫిట్టర్. ఈయన డాక్టరు కాదు, కాలేజీ ప్రొఫెసరూ కాదు. లోహాన్ని చెప్పినట్టు వినిపించగల పనివాడు. ఇతన్ని కూడా గుర్తుపెట్టుకోండి.

కీలు రూపకల్పనలో చార్న్లీ మూడు నిర్ణయాలు తీసుకున్నారు. మూడింటినీ అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు.

స్టీలు బంతిని చిన్నది చేశారు. అసలు ఎముక తల నలభై, యాభై మిల్లీమీటర్లు ఉంటే, ఆయన బంతి 22.225 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. బంతి చిన్నదైతే రాపిడి వల్ల పుట్టే మెలి బలం తగ్గుతుంది. తలుపును బందు దగ్గర తోసినప్పుడూ, గడియ దగ్గర తోసినప్పుడూ ఎంత తేడానో మనకు తెలుసు కదా, ఆ లెక్కే ఇది. పైగా బంతి చిన్నదైతే గిన్నెను మందంగా చేసుకోవచ్చు.

ఆ బంతి కాడను తొడ ఎముక గొట్టంలో నిలబెట్టడానికి సిమెంటు వాడారు. ఇది ఇళ్లు కట్టే సిమెంటు కాదు. కట్టుడు పళ్ల సెట్టు తయారుచేసే ఆక్రిలిక్ పొడి, ద్రవం కలిపిన ముద్ద. మాంచెస్టర్ దంత వైద్య కళాశాలలో పనిచేసే డెన్నిస్ స్మిత్ అనే పదార్థ శాస్త్రవేత్త దీన్ని సూచించారు. ముద్ద కొద్ది నిమిషాల్లో వేడెక్కి గట్టిపడుతుంది. ఇది జిగురులా ఎముకకు అంటుకోదు, ఎముకలోని సందులన్నిటిలోకీ దూరి బిగుసుకుంటుంది, బరువును అంతటా సమానంగా పంచుతుంది అని చార్న్లీ విసుగు లేకుండా చెబుతూ వచ్చారు. గిన్నె, కాడ రెండూ ఇలాగే నిలబడ్డాయి.

మూడోది టెఫ్లాన్ గిన్నె. ఇక్కడే దెబ్బ తగిలింది.

1962 వచ్చేసరికి దాదాపు 300 మందికి టెఫ్లాన్ తుంట్లు అమర్చారు. ఏళ్ల తరబడి కదలలేనివాళ్లు కర్రలు వదిలేసి నడిచారు. అంతా బాగుందనుకుంటున్న సమయంలో ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు. ఎక్స్‌రేలో చూస్తే స్టీలు బంతి టెఫ్లాన్‌లోకి తొలుచుకుని పైకి పోతోంది. అరిగిన టెఫ్లాన్ పొడి చుట్టూ కండలో జున్ను ముద్దలాంటి గడ్డలు తయారయ్యాయి, ఆ గడ్డలు ఎముకను తినేస్తున్నాయి. టెఫ్లాన్ ముక్కగా ఉన్నప్పుడు శరీరం దాన్ని పట్టించుకోలేదు. పొడి అయ్యేసరికి పగబట్టింది. ఒకే పదార్థం, రెండు రూపాలు, రెండు రకాల స్పందన. ఎముకలో పెట్టే ప్రతి వస్తువు గురించీ ఇవాళ శాస్త్రజ్ఞులు మొదట అడిగే ప్రశ్న ఇక్కడి నుండి పుట్టిందే: ఇది అరిగితే ఆ పొడి ఏం చేస్తుంది?

ఈ విషయంలో చార్న్లీని సమర్థించడం నాకు ఇష్టం లేదు. జారుతుందా లేదా అని చూశారు గానీ, ఏళ్ల తరబడి నడిస్తే ఎంత అరుగుతుందో మిషను మీద ముందే చూడవలసింది. చూడకుండా 300 మంది శరీరాల్లో పెట్టారు. ఆ అరుగుదల లెక్క చివరికి మనుషుల తుంట్లలోనే తేలింది. అయితే ఆ తర్వాత ఆయన చేసింది కూడా చెప్పాలి. తప్పును దాచలేదు, రోగులను ఇంకో డాక్టరు మీదికి నెట్టలేదు. వాళ్లను పిలిచి, మళ్లీ కోసి, పాడైన టెఫ్లాన్ తీసేశారు. మొదటి ఆపరేషన్ కంటే ఆ రెండోది ఎన్నో రెట్లు కష్టం. అప్పటికి వాళ్లకు మళ్లీ అమర్చడానికి ఏ పదార్థం మంచిదో కూడా ఆయనకు తెలియదు.

ఇప్పుడు లాంకషైర్ మరమగ్గాల దగ్గరకు వద్దాం. 1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్ ఆసుపత్రికి వచ్చాడు. అతను అమ్మేది మగ్గాల్లో వాడే పళ్ల చక్రాల ప్లాస్టిక్ – బాగా బరువైన అణువులు గల పాలిథిలిన్. మన ప్లాస్టిక్ కవర్లు కూడా పాలిథిలిన్ జాతివే, కానీ దీని అణువుల గొలుసులు చాలా పొడవు. ఆసుపత్రి వాళ్లు అతన్ని క్రావెన్ దగ్గరకు పంపారు. క్రావెన్ ఒక ముక్క తీసుకుని చార్న్లీకి చూపించాడు. ఆయన దాన్ని బొటనవేలి గోటితో నొక్కి చూసి, మెత్తగా ఉంది, పనికిరాదని తీసిపారేశారు.

క్రావెన్ పారేయలేదు. అప్పటికి వర్క్‌షాపులో అరుగుదల పరీక్షించే మిషను తయారై ఉంది. చార్న్లీ కోపెన్‌హాగన్ వెళ్లిన సమయంలో అతను ఆ ముక్కను మిషనుకు బిగించి రాత్రింబవళ్లు తిప్పాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా ఇది అరగలేదు. చార్న్లీ తిరిగివచ్చి ఆ లెక్కలు చూశారు. ఒక ఫిట్టరు తన మాట కాదని పరీక్ష చేశాడని ఆయన కోప్పడలేదు. ఆ పదార్థం వైపు మళ్లిపోయారు.

కానీ ఈసారి తొందరపడలేదు. టెఫ్లాన్ పొడినీ, పాలిథిలిన్ పొడినీ తన సొంత తొడలోకి ఎక్కించుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత చూస్తే టెఫ్లాన్ పెట్టిన చోట గడ్డలు రెట్టింపు పరిమాణంలో చేతికి తగులుతున్నాయి. పాలిథిలిన్ పెట్టిన చోట ఏమీ తగల్లేదు. ఆ ఫలితాన్ని 1963లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. టెఫ్లాన్ పెట్టవద్దని మిగతా డాక్టర్లకు అది హెచ్చరిక. తన ఓటమి గురించి తన తొడనే సాక్ష్యంగా చూపి ప్రకటించినవాళ్లు శాస్త్రంలో ఎక్కువమంది లేరు.

మొదటి పాలిథిలిన్ గిన్నెను 1962 నవంబరులో అమర్చారు. స్టీలు బంతి, పాలిథిలిన్ గిన్నె, ఆక్రిలిక్ సిమెంటు – ఈ మూడింటి కలయిక నిలిచింది. అయినా చాలా ఏళ్లు ఆయన దాన్ని బయటి సర్జన్లకు ఇష్టం వచ్చినట్టు అమ్మనివ్వలేదు. లీడ్స్ నగరంలోని థాక్రే కంపెనీ ఆ కీళ్లను తయారుచేసేది. రైటింగ్టన్‌కు వచ్చి పని నేర్చుకున్నవాళ్లకే ఇవ్వాలని ఆయన షరతు పెట్టారు. గర్వం అని కొందరు అనుకున్నారు. ఆ 300 మంది గుర్తున్నవాడికి అది గర్వం కాదని నా అభిప్రాయం.

ఇంకో శత్రువు మిగిలింది – చీము. మొదట్లో నూటికి ఏడెనిమిది మందికి ఆపరేషన్ తర్వాత కీలులో చీము పట్టేది. శరీరంలో పరాయి వస్తువు ఉంటే, దాని మీద స్థిరపడిన క్రిములను మందులతో పోగొట్టడం చాలా కష్టం. గాలిలోని క్రిములే ఎక్కువగా కారణమని చార్న్లీ అనుమానించారు. ఇక్కడ మళ్లీ నూలు మిల్లులే ఆదుకున్నాయి. మిల్లుల్లో గాలిని శుభ్రపరిచే వ్యవస్థలు అమర్చే హోవర్త్ అనే ఇంజనీరు సాయంతో, ఆపరేషన్ బల్ల చుట్టూ గాజు గదిలాంటి అర కట్టించారు. వడపోసిన గాలి పైనుండి కిందికి నిరంతరం దిగుతుంది. సర్జన్లు ఒళ్లంతా కప్పే సూటు వేసుకుంటారు, వాళ్ల ఊపిరి గొట్టం ద్వారా బయటికి పోతుంది. కొన్నేళ్లలో చీము పట్టేవారి సంఖ్య నూటికి ఒకరికి దిగింది.

ఆయన రోగులను ఒక వింత కోరిక కోరేవారు. మీరు ఎప్పుడు పోయినా సరే, పోయాక ఆ తుంటిని మాకు తిరిగి ఇప్పించండి అని. చాలామంది నవ్వుతూ ఒప్పుకున్నారు. అలా వచ్చిన ఎముకలను కోసి, సిమెంటుకూ ఎముకకూ మధ్య ఏళ్ల తర్వాత ఏం జరిగిందో సూక్ష్మదర్శినిలో చూసేవారు. బతికి ఉన్నప్పుడు బాగా నడిచినవాళ్ల తుంట్లు కూడా చూడాలి, పాడైనవి మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది – ఇదీ ఆయన పద్ధతి.

1957లో, నలభై అయిదేళ్ల వయసులో, ఆయనకు జిల్ హీవర్‌తో వివాహమైంది. ఇద్దరు పిల్లలు. 1974లో అమెరికా వారి లాస్కర్ అవార్డు, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. 1982 ఆగస్టు 5న మాంచెస్టర్‌లో కన్నుమూశారు.

ఆయన పని అక్కడితో ముగిసిపోలేదు, కొన్ని లోపాలు కూడా మిగిలాయి. పాలిథిలిన్ చాలా నెమ్మదిగా అరుగుతుంది గానీ, అసలు అరగకుండా ఉండదు. పదిహేను, ఇరవై ఏళ్లకు పోగయిన సన్నటి పొడి చుట్టూ కొందరిలో ఎముక కరిగి కీలు వదులైంది. ముసలివాళ్లకు అది పెద్ద లెక్క కాదు. ఇరవై ఏళ్ల వయసువాళ్లకు? మన ఏజెన్సీ ప్రాంతాల నుండి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సికిల్ సెల్ జబ్బు సంగతి తెలుసు. ఆ జబ్బులో తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చిపోయి, చిన్న వయసులోనే తుంటి పాడయ్యే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లకు అమర్చే కీలు ఇరవై కాదు, యాభై ఏళ్లు నిలవాలి.

దీనికి జవాబు కోసం శాస్త్రజ్ఞులు రెండు దారులు పట్టారు. ఒకటి, పాలిథిలిన్‌కు రేడియేషన్ ఇచ్చి దాని గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేయడం. ఇలా చేసిన గిన్నెలు 1990ల చివరి నుండి వాడుకలోకి వచ్చాయి, అరుగుదల బాగా తగ్గింది. రెండోది సిమెంటు మీద ఆధారపడకుండా ఎముకనే వచ్చి కీలును పట్టుకునేలా చేయడం. చార్న్లీ తరం వరకు, శరీరం పట్టించుకోకుండా ఊరుకుంటే అదే మంచి పదార్థం. 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త ఒక గాజును తయారుచేశారు. అందులో బరువులో 45 శాతం సిలికా, మిగతాది సోడియం, కాల్షియం, ఫాస్ఫరస్ ఆక్సైడులు. శరీర ద్రవాల్లో ఈ గాజు పైపొర నుండి సోడియం కరిగిపోయి, జెల్‌లాంటి సిలికా పొర మిగులుతుంది. దాని మీద కాల్షియం, ఫాస్ఫేట్ పేరుకుని, మన ఎముకలో ఉండే ఖనిజంలాంటిదే ఏర్పడుతుంది. ఎముక దాన్ని తనదే అనుకుని అతుక్కుంటుంది. ఎలుకల తొడ ఎముకల్లో పెట్టిన ఆ గాజు ముక్కలను లాగినా ఊడి రాలేదు.

ఎముక ఖనిజం పేరు హైడ్రాక్సీఅపటైట్. దాని పొడిని మండే ప్లాస్మా జ్వాల గుండా చిమ్మితే, కరిగిన బిందువులు లోహపు కాడ మీద పడి సన్నని పూతగా అంటుకుంటాయి. చార్న్లీ చనిపోయిన మూడేళ్లకు, 1985లో, ఇంగ్లాండుకే చెందిన రొనాల్డ్ ఫర్లాంగ్ అనే సర్జన్ ఈ పూత పూసిన తుంటి కాడను సిమెంటు లేకుండా అమర్చారు. కొన్ని వారాల్లోనే ఎముక పెరిగి పూతను పట్టుకుంటుంది. ఈ పూత మందం మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే. అంత పలచటి పొర కోసం లోహం, గాజు, ఎముక తెలిసిన మూడు రకాలవాళ్లు ఒకచోట కూర్చోవలసి వచ్చింది.

ఈ రోజు వయసులో ఉన్నవాళ్లకు ఎక్కువగా సిమెంటు లేని కాడలను, ఎముక మెత్తబడిన వృద్ధులకు చాలాచోట్ల సిమెంటు కాడలను వాడుతున్నారు. ఆ సిమెంటు ఇప్పటికీ పళ్ల సెట్టు జాతి ఆక్రిలిక్కే. బంతులు మాత్రం మళ్లీ కొంత పెద్దవయ్యాయి, 28, 32, 36 మిల్లీమీటర్లవి ఎక్కువగా వాడుతున్నారు. గిన్నె అరుగుదల తగ్గింది కాబట్టి అది సాధ్యమైంది. బంతి పెద్దదైతే కీలు జారి బయటికి వచ్చే ప్రమాదం తగ్గుతుంది.